కాస్ట్ పరీక్ష

గుండె లయ మందులపై అమెరికాలో 1980ల చివర మొదలైన క్లినికల్ పరీక్ష. పూర్తి పేరు కార్డియాక్ అరిత్మియా సప్రెషన్ ట్రయల్. గుండెపోటు నుంచి కోలుకున్నవారి జఠరికల్లో అకాల స్పందనలు ఎక్కువగా ఉంటే ఆకస్మిక మరణం ముప్పు పెరుగుతుందని అప్పటికే తెలుసు. వాటిని అణిచేస్తే ప్రాణం నిలుస్తుందన్నది మాత్రం ఊహే. ఆ ఊహ ఎంత బలంగా నాటుకుందంటే, రోగులకు ప్లాసిబో ఇవ్వడమే అనైతికమని వాదించినవారూ ఉన్నారు.

ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్, మోరిసిజైన్‌లను పరీక్షకు ఎంచుకున్నారు. మందుతో అకాల స్పందనలు తగ్గినట్టు తేలినవారినే చేర్చుకున్నారు. మొదటి రెండు మందుల విషయంలో, సగటున 10 నెలల్లో, మందు వాడిన 755 మందిలో 63 మంది, ప్లాసిబో వాడిన 743 మందిలో 26 మంది మరణించారు. ఈసీజీలో లయ కుదిరినవారే ఎక్కువగా చనిపోవడం వైద్యలోకాన్ని కలవరపెట్టింది. 1989లో ఆ రెండింటినీ ఆపేశారు. తర్వాత మోరిసిజైన్ భాగాన్నీ మధ్యలోనే ముగించారు.

ఈ మందులు సోడియం మార్గాలను అడ్డుకుని విద్యుత్ ప్రసారాన్ని నెమ్మదింపజేస్తాయి. గుండెపోటు మచ్చ ఉన్న కండరంలో అదే ప్రమాదం: సంకేతం అక్కడక్కడే సుడి తిరిగి ప్రాణాంతక లయకు దారితీయవచ్చు. ఫ్లెకైనైడ్ నేటికీ వాడుకలో ఉంది, అయితే ప్రధానంగా నిర్మాణ లోపం లేని గుండెల్లో వచ్చే కర్ణికల లయ దోషాలకు.