ఒక పదం – ఒక హత్య – ఒక తీర్పు

నానార్థాలు బోధించే రోజులలో ‘హరి’ శబ్దానికి విష్ణువు, సింహం, కోతి, కప్ప అని అర్థాలు చెప్పి, సందర్భమెరుగక అన్వయిస్తే నవ్వులపాలవుతారని పిల్లలను హెచ్చరించేవాడిని. తెలియక తప్పుడర్థం చెబితే నవ్వులాట. తెలిసి చెబితే మనిషి ప్రాణానికే విలువ లేకుండా పోతుంది. ఈ సత్యం పదవీ విరమణానంతరం అమెరికా చరిత్ర చదువుతుండగా బోధపడినది. ఆ పదం మన దేశపు పేరు నుండి పుట్టినదే కావడం మరింత విచిత్రం.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడినది. ఆ వార్త విని దక్షిణ చైనా నుండి వేలాది జనం పసిఫిక్ మహాసముద్రం దాటి వచ్చినారు. 1852లో విదేశీ గనిపనివారిపై నెలకు 3 డాలర్ల పన్ను పడినది. ఆ భారం మోసినవారు ముఖ్యంగా చైనీయులే.

ఆ కాలంలోనే లింగ్ సింగ్ అనే చైనీయుని హత్య కేసులో జార్జ్ హాల్ అనే తెల్లజాతీయునికి, చైనీయుల సాక్ష్యంపై శిక్ష పడినది. 1854లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. నల్లవారు, ‘ఇండియన్లు’ తెల్లవారికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పరాదని అక్కడి చట్టం. అందులో చైనీయుల ప్రసక్తి లేదు. అయినా ప్రధాన న్యాయమూర్తి హ్యూ మరే వ్యుత్పత్తి విచారణకు పూనుకొన్నాడు. కొలంబస్ తాను ఆసియా చేరినానని భ్రమించి అక్కడి ప్రజలను ఇండియన్లన్నాడు కదా. కనుక ఆ మాటలో ఆసియావారూ ఇమిడియున్నారు. కనుక చైనీయుని సాక్ష్యం చెల్లదు! నావికుని పొరపాటు మూడున్నర శతాబ్దాల తరువాత నేరస్థునికి రక్షరేకు అయినది. సాక్షి నోరు కట్టివేసిన చోట దుర్మార్గునికి అడ్డేమున్నది?

అటుపిమ్మట ఖండాన్ని కలిపే రైలుమార్గం కోసం సియెర్రా నెవాడా పర్వతాలను తొలిచినది అత్యధికంగా చైనా కూలీలే. 1869లో ఆ మార్గం పూర్తి అయినది. ఏరు దాటి తెప్ప తగలేసిన చందాన 1882లో చైనా శ్రామికుల రాకను పదేళ్ళపాటు నిషేధిస్తూ, చైనీయులకు పౌరసత్వం నిరాకరిస్తూ చట్టం చేసినారు. 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో 28 మంది చైనా గనికార్మికులను అల్లరిమూకలు చంపినవి. ఒక్కరికీ శిక్ష పడలేదు.

అయితే మాటతో వేసిన ముడిని మాటతోనే విప్పినవారున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాలలోని చాకిరేవు దుకాణాలకు అనుమతి కావాలన్నారు. చైనీయులు సుమారు 200 మంది అడిగితే అందరికీ నిరాకరణ. ఇతరులు 80 మందికి పైగా అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ మంజూరు. ఈ యిక్ వో కేసులో 1886లో అమెరికా సుప్రీంకోర్టు, 1868 నాటి పదునాలుగవ సవరణలో ఉన్నది ‘పౌరుడు’ అని కాదు, ‘వ్యక్తి’ అని గుర్తుచేసినది. పైకి సమంగా కనిపించే చట్టాన్ని పక్షపాతంతో అమలు చేయడమూ అన్యాయమేనని తేల్చినది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోనే చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను, చైనా వెళ్ళి తిరిగివస్తే 1895లో రేవులోనే ఆపినారు. ఆ సవరణలోని ‘ఇక్కడ జన్మించిన వారందరూ’ అన్న మాటను ఆధారం చేసుకొని అతడు 1898లో గెలిచినాడు.

నిషేధం 1943లో తొలగినది. అప్పుడైనా ఏడాదికి 105 మందికే ప్రవేశం. ఆ గడ్డపై పుట్టిన మన తెలుగు ఇండ్ల మనుమలు, మనుమరాండ్రు అక్కడి పౌరులు కావడానికి ఆ చైనా వంటవాని పోరాటమూ ఒక పునాది. 2025లో ఆ జన్మహక్కును కుదించే అధ్యక్ష ఉత్తర్వు వెలువడినప్పుడు న్యాయస్థానాలలో మరల వినవచ్చినది అతని పేరే. మనకేమీ కాని మనిషికి మనమింత ఋణపడి ఉన్నాము. పిల్లలకు వారి ఊరి చరిత్ర చెప్పేటప్పుడు, పెద్దలారా, ఆ పేరు కూడా చెప్పండి.