పసిపిల్లల్ని పొట్టన పెట్టుకున్నదేది?

2003 జూన్‌లో ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి పిల్లలు ఒకే తీరు జబ్బుతో ఆసుపత్రులకు రావడం మొదలైంది. ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఆ వెంటనే ఫిట్స్, తర్వాత స్పృహ ఉండదు. చాలామంది ఒకటి రెండు రోజులు కూడా నిలవలేదు. ఆగస్టు దాటేసరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు ఇలా జబ్బుపడ్డారు, 183 మంది చనిపోయారు. అప్పుడు వరంగల్ జిల్లాలోని మండలమైన పాలకుర్తి వైపు ఊళ్లలో బిడ్డ ప్రాణం మీదికొస్తే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తడమే. దారిలో గడిచే గంటలు కూడా ప్రాణాన్ని తేల్చే జబ్బు అది.

మెదడువాపు అనగానే మొదట తట్టేది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. కానీ 1999లో అనంతపురం జిల్లాలో అది విరుచుకుపడింది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఈసారి జబ్బు మొదలైందేమో నడివేసవి దాటి తొలకరి కూడా సరిగా కురవని రోజుల్లో. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పిల్లల నమూనాల్లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వెస్ట్ నైల్, డెంగీ, తట్టు వైరస్‌ల యాంటీబాడీల కోసం వెతికింది. ఆ ఏడాది ప్రపంచాన్ని హడలెత్తించిన సార్స్ కరోనా జాతిది. అందుకని కరోనాల ఆర్‌ఎన్‌ఏ కోసం కూడా చూసింది. నిపా కుటుంబం, ఎంటెరో, ఫ్లూ వైరస్‌లను సైతం వదల్లేదు. ఏదీ ఈ చావులకు లెక్క చెప్పలేదు.

దారి చూపింది కణాల పెంపకం. నమూనాలు కలిపిన కణాల్లో ఒక వైరస్ పెరిగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద దాని ఆకారం తుపాకీ గుండులా ఉంది. రేబిస్ వైరస్ ఉన్న కుటుంబానికి గుర్తు అది. ఆ కుటుంబంలో దీని పేరేమిటని వెతికితే 1965లోకి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఏడాది నాగ్‌పూర్‌లోని చాందీపురాలో జ్వరంతో ఉన్న ఇద్దరి రక్తంలో ఈ వైరస్ దొరికింది. ఊరి పేరే దానికి పెట్టారు. తర్వాత 1980లో రాయ్‌పూర్‌లో మెదడు జబ్బు పడిన ఒకరి రక్తంలో కనిపించింది. అంతకుమించి దాన్ని పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

అసలు సాక్ష్యం జన్యువుల్లో ఉంది. ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ సుమారు పదకొండు వేల అక్షరాల పొడవు, అందులో ఐదు జన్యువులు. కవి పాల్కురికి సోమనాథుడి కావ్యాల తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి, పాఠభేదాలను బట్టి ఏ ప్రతికి ఏది మూలమో పండితులు తేల్చినట్టే ఇక్కడా పని జరిగింది. తొమ్మిది మంది రోగుల నమూనాల్లో చాందీపురా ఆర్‌ఎన్‌ఏ దొరికింది. వాటిలో ఐదింటి అక్షరాలను చదివి 1965 నాటి వైరస్‌తో పోలిస్తే 96.7 నుంచి 97.5 శాతం కలిశాయి.

నాకు ఈ అంకెల్లో ఎక్కువ విలువైనది కలవని ఆ మూడు శాతమే. నూటికి నూరూ కలిసి ఉంటే, ప్రయోగశాలలో దాచిన పాత వైరస్సే పొరపాటున నమూనాల్లో పడిందేమోనన్న అనుమానం వచ్చేది. బాగా తేడా ఉంటే వేరే వైరస్ అనుకోవాల్సి వచ్చేది. మూడు శాతం తేడా అంటే ఇది ముప్ఫై ఎనిమిదేళ్లు ఎక్కడో బతుకుతూ, మారుతూ వచ్చిందన్నమాట. కణానికి అతుక్కోవడానికి వాడే జీ ప్రోటీన్‌లో 7 నుంచి 11 అమైనో ఆమ్లాలు మారాయి, ఎన్, పీ అనే మరో రెండు జన్యువులు దాదాపు చెక్కుచెదరలేదు. ఈ మార్పులే దాన్ని పిల్లల పాలిట మృత్యువు చేశాయని అనాలనిపిస్తుంది గానీ, అనడానికి ఈ పోలిక ఒక్కటే చాలదు.

అభ్యంతరాలూ వచ్చాయి, అవి తీసిపారేయదగినవి కావు. 329 మందిలో వైరస్ పెరిగింది ఆరుగురి నమూనాల్లోనే. చాలామంది రక్తంలో యాంటీబాడీలు లేవు. ఇది వైరస్ పని కాదు, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలకు దెబ్బ తగిలిందని వాదించిన పిల్లల వైద్యులున్నారు. యాంటీబాడీల సంగతికి జవాబు తేదీల్లో దొరికింది. జబ్బు మొదలై నాలుగు రోజులు దాటాక తీసిన రక్తంలో అవి ఎక్కువగా కనిపించాయి, ముందు తీసిన దాంట్లో తక్కువ. ఒంట్లో యాంటీబాడీ తయారయ్యే గడువు కూడా ఆ పిల్లలకు దక్కలేదు. చనిపోయిన ఒక బిడ్డ మెదడు కణజాలంలోనే వైరస్ ఆర్‌ఎన్‌ఏ, దాని ప్రోటీన్ ఆనవాలు రెండూ దొరకడం నా దృష్టిలో అన్నిటికంటే బలమైన రుజువు.

మరి వైరస్ పిల్లలకు ఎలా చేరింది? మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో ఉండే ఇసుక ఈగల్లో చాందీపురా ఉంటుందని మహారాష్ట్రలో అంతకుముందే తెలుసు. 2003లో కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగల్లోనూ దాని ఆర్‌ఎన్‌ఏ కనిపించింది. 2005 మే నుంచి ఏడాది పాటు వరంగల్‌లో సాగిన ఆసుపత్రి అధ్యయనంలో, పరీక్షించిన మెదడువాపు కేసుల్లో దాదాపు సగానికి కారణం ఇదేనని తేలింది. అంటే 2003లో ఒకసారి వచ్చి పోయిన గాలివాటు రోగం కాదు. 2024లో గుజరాత్ వైపు మళ్లీ లేచింది. జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా దేశంలో 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదైతే, వాటిలో 64 కేసుల్లో చాందీపురా నిర్ధారణ అయింది. దీనికి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు.

చివరి ఆనవాలు మళ్లీ ఉత్తర తెలంగాణ జిల్లాల రక్త నమూనాల్లోనే ఉంది. చాందీపురాను అడ్డుకునే యాంటీబాడీలు పసిపిల్లల్లో తక్కువగా, పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించాయి. ఊళ్లలో పెద్దలు ఎప్పుడో చిన్నప్పుడే దీన్ని ఎదుర్కొని, మామూలు జ్వరమనుకుని లేచి తిరిగి ఉంటారు. అలా చూస్తే వైరస్ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబు బయటి ఊళ్లలో వెతకనక్కర్లేదు.