ఇందోరు ఎరువు గుంటలు

ప్రత్తి తీత ముగిసిన పిమ్మట చేనిలో మిగులు కట్టె రైతునకు ఒక చిక్కు. పశువులు దానిని మేయవు; అట్లే దున్నినచో నాగలికి అడ్డుపడును. కొంత పొయ్యిలోనికి పోవును, తక్కినది పలుచోట్ల చేనిలోనే కాలిపోవును. ఆ కట్టెనుండి ఎరువు తీయుటకు మధ్యభారతమునందలి ఇందోరులో సుమారు నూఱేండ్ల క్రిందట జరిగిన ప్రయత్నమును గూర్చి మనము కొంత ముచ్చటించుకొందము.

ఆల్బర్టు హోవర్డు 1905లో బీహారునందలి పూసా పరిశోధనాలయమునకు వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చెను. ఆయన భార్య గాబ్రియేలు కూడ శాస్త్రజ్ఞురాలే. దంపతులిరువురు కలిసియే పనిచేసిరి. 1924లో ఇందోరునందు సస్యపరిశోధన సంస్థ ఏర్పడగా హోవర్డు దాని కధిపతి యయ్యెను. రసాయన పరిశోధనలో ఆయనకు కుడిభుజము యశ్వంత్ వాడ్.

వారి ముందున్న ప్రశ్న యిది. దేశములోని పేడలో పెద్ద భాగము పిడకలై పొయ్యిపాలగుచుండెను. మిగిలిన కొద్ది పేడతో ఎక్కువ ఎరువు చేయుటెట్లు? చైనా, కొరియా, జపాను దేశములను చూచివచ్చిన కింగు అను అమెరికా శాస్త్రజ్ఞుని గ్రంథము 1911లో వెలువడినది. అచ్చటి రైతులు చెత్తను మట్టితో కలిపి కుళ్లబెట్టి పొలమునకు తిరిగి చేర్చు తీరు అందులో కలదు. హోవర్డునకు దారి చూపినది ఆ రైతులే.

మొండి కట్టెను బండ్లు నడచు దారులపై పఱచిరి. చక్రములక్రింద నలిగిన తరువాత దానిని ఎడ్లకొట్టములో పఱుపుగా వేసిరి. మూత్రముతో తడిసిన ఆ చెత్తను, కొట్టములోని మట్టిని, కట్టెబూడిదను, పేడనీటిని 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల గుంటలలో పొరలుగా నింపిరి. పాలకు చేమిరి వేసినట్లు, పది పదునైదు దినముల క్రిందట నింపిన గుంటనుండి బూజుపట్టిన చెత్తను తెచ్చి కలిపిరి. మొదట బూజులు, పిదప బాక్టీరియా పనిచేయును. గుంట 65 డిగ్రీల వఱకు వేడెక్కును. వానికి గాలియు నీరును రెండును కావలెను. నీరెక్కువైనచో కంపు పుట్టును గనుక వానకాలమున గుంటలు మాని నేలపై కుప్పలు పోసిరి. మూడు సారులు తిరుగవేసినచో 90 దినములకు ఎరువు సిద్ధము.

ఆరంభమున నత్రజని ఒక పాలైనచో కర్బనము 33 పాళ్లుండును. తుదకు సుమారు 10 పాళ్లకు దిగును. ఇది పండితుల లెక్క మాత్రమే కాదు. పచ్చి చెత్తను చేనిలో దున్నినచో దానిని కుళ్లబెట్టు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే లాగికొనును, పైరు పసుపుబాఱును. ఆ పోరాటమును గుంటలోనే ముగించుట ఇందోరు పద్ధతిలోని కిటుకు. ఎరువు పక్వమైన వెంటనే పొలమునకు తోలవలెను. ఊరక నిలువయుంచినచో నత్రజని నష్టమగును.

ఈ ఫలితములు 1931లో గ్రంథముగా వెలువడినవి. దానిపై హోవర్డుతోపాటు వాడ్ పేరును ఉన్నది. తరువాతి కాలమున లోకము హోవర్డునే తలచినది. ఇది న్యాయము కాదని మేము తలచుచున్నాము.

అయితే పద్ధతికి కూలియు నీరును ఎక్కువ. బావి దూరమైన బీదరైతు మూడు సారులు గుంట తిరుగవేయగలడా? పైగా ఆ కట్టెయే అతని యింటి వంటచెఱకు. 1939లో బెంగుళూరునందలి విజ్ఞానశాస్త్ర సంస్థలో సి. ఎన్. ఆచార్య వేఱొక మార్గము చూపెను. పట్టణపు చెత్తను, మలమును కందకములలో పొరలుగా నింపి మట్టితో కప్పివేయుటయే. తిరుగవేయు పని లేదు. కాని అది పక్వమగుటకు 90 దినములు చాలవు, నెలల తరబడి వేచియుండవలెను.