మూత్రపిండం అక్కర్లేని యూరియా

2028 వస్తే ప్రయోగశాలలో యూరియా పుట్టి 200 ఏళ్లు. పొలం గట్టున బస్తాల్లో కనిపించే ఈ తెల్లటి ఎరువు, రసాయన శాస్త్రంలో ‘ఆర్గానిక్’ అన్న మాటకున్న అర్థాన్నే కదిలించింది.

శతాబ్దాల పాటు పదార్థాలను పుట్టుకను బట్టే వేరుచేశారు. 1675లో ఫ్రాన్స్‌కు చెందిన నికొలా లెమెరీ వాటిని ఖనిజ, వృక్ష, జంతు సంబంధమైనవని మూడు భాగాలు చేశాడు. 19వ శతాబ్దం మొదట్లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ జీవుల నుంచి దొరికే పదార్థాల శాస్త్రానికి ఆర్గానిక్ కెమిస్ట్రీ అని పేరు పెట్టాడు. అవి ప్రాణశక్తి వల్లే తయారవుతాయనీ, గాజు పాత్రలో చేయడం మనిషి తరం కాదనీ చాలామంది నమ్మేవారు.

అలాంటి రోజుల్లో, బెర్లిన్‌లోని ఒక వృత్తి విద్యాలయంలో పాఠాలు చెప్పే ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ తయారుచేయాలనుకున్నాడు. యూరియా ఊసే లేదు. సిల్వర్ సయనేట్‌కు నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం కలిపాడు. మిగిలిన తెల్లటి స్ఫటికాల్లో సయనేట్ లక్షణం ఒక్కటీ లేదు. అలాంటివే 1824లోనూ ఎదురయ్యాయి కానీ అవేమిటో అప్పుడు తేలలేదు. ఈసారి వదల్లేదు. వైద్యం చదివే రోజుల్లో మూత్రం మీద పరిశోధన చేసినవాడు కదా! నైట్రిక్ ఆమ్లం పోస్తే మెరిసే పొలుసులు తేలాయి. మూత్రం నుంచి తీసిన యూరియాను పక్కన పెట్టి పరీక్షించాడు. రెండూ ఒకటే.

1828 ఫిబ్రవరి 22న గురువు బెర్జీలియస్‌కు ఉత్తరం రాశాడు: మనిషిదో కుక్కదో మూత్రపిండం అవసరం లేకుండానే తాను యూరియా చేయగలనని. అప్పటికి వోలర్‌కు 27 ఏళ్లు. ఆ ఉత్తరంలో పొంగిన కుర్రతనం ఇప్పటికీ ముచ్చట గొలుపుతుంది.

ఆ దెబ్బతో ప్రాణశక్తి వాదం కుప్పకూలిందని చెప్పుకుంటారు గానీ, అంత తేలిగ్గా కూలలేదు. ఆ సయనేట్లకు మూలం కూడా జంతు పదార్థాలే కదా అన్న అభ్యంతరం మిగిలింది. 1845లో రసాయన శాస్త్రవేత్త కోల్బే మూలకాల నుంచి మొదలుపెట్టి ఎసిటిక్ ఆమ్లం వరకు వచ్చాకే అది బలహీనపడింది. వోలర్ కనుగొన్న అసలు విశేషం మరొకటి. అమ్మోనియం సయనేట్‌లోనూ యూరియాలోనూ అవే పరమాణువులు, అన్నే ఉన్నాయి. వాటి అమరికే వేరు. 1830లో బెర్జీలియస్ దీనికి ఐసోమెరిజం అని పేరు పెట్టాడు. ఎక్కడ పుట్టిందన్న దానికన్నా ఎలా అమరిందన్నదే ముఖ్యమన్న చూపు అలా బలపడింది.

1861లో మరో రసాయన శాస్త్రవేత్త కెకూలే తన పాఠ్యగ్రంథంలో ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే కార్బన్ సమ్మేళనాల శాస్త్రమని తేల్చాడు. కార్బన్ డయాక్సైడ్, సున్నపురాయి మాత్రం ఆనవాయితీగా బయటే ఉండిపోయాయి. పాలిథిన్ సంచి, కలరా ఉండ లోపలికి వచ్చాయి.

1940లో ఇంగ్లండ్‌లో లార్డ్ నార్త్‌బోర్న్ పుస్తకంతో ‘ఆర్గానిక్’ అన్న మాట వ్యవసాయంలో మరో దారి పట్టింది. తెలుగులో ఒకటి కర్బన రసాయన శాస్త్రం, మరొకటి సేంద్రియ వ్యవసాయం. ఫ్యాక్టరీ యూరియా మొదటిదానికి గర్వకారణం, రెండోదానిలో నిషిద్ధం.

అంతరిక్ష వార్తల్లో ఈ మాట వల్ల గందరగోళం ఇంకా ఎక్కువ. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కలో అమైనో ఆమ్లాలు బయటపడ్డాయి. 2018లో కుజుడి పాత మట్టిరాళ్లలో క్యూరియాసిటీ రోవర్ ఆర్గానిక్ అణువులను గుర్తించిందని నాసా ప్రకటించింది. అక్కడ కార్బన్ సమ్మేళనాలు ఉన్నాయన్నంత వరకే దాని అర్థం. జీవం ఉందనో, ఒకప్పుడు ఉండేదనో కాదు.