ఆల్చిప్పల పొడి, బేస్‌బాల్ మైదానం

మెడికల్ రిప్రజెంటేటివ్ అనగానే మన వైద్యులందరికీ ఒకే రూపం కళ్ళకు కడుతుంది. ఎండలో బిగించిన టై, చేతిలో బరువైన తోలు సంచి, ఓపీ గది బయట గంటల తరబడి నిరీక్షణ. గుంటూరులో నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో వాళ్ళిచ్చే పెన్నులతోనే మా రాత సాగేది. వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో, నెల తిరిగేసరికి వాళ్ళకు మిగిలేదెంతో మాలో ఎవరమూ అడిగిన పాపాన పోలేదు. అటువంటి రిప్రజెంటేటివ్ ఒకడు అమెరికాలో ఒక నగరానికి బేస్‌బాల్ జట్టునిచ్చి, చివరికి దాన్ని ఆ నగరానికే వదిలి వెళ్ళాడు. యూయింగ్ మేరియన్ కాఫ్మన్ అనే ఆ మనిషి జీవితాన్ని ఆన్ మోర్గన్ 'ప్రిస్క్రిప్షన్ ఫర్ సక్సెస్' అన్న పేరుతో 1995లో పుస్తకంగా తెచ్చారు. పేరు చూసి, ఇదేదో విజయరహస్యాలు బోధించే పుస్తకమనుకుని చాలాకాలం పక్కన పెట్టాను. నా తొందరపాటే.

కాఫ్మన్ 1916లో మిస్సోరి రాష్ట్రంలోని గార్డెన్ సిటీ దగ్గర పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబం కాన్సాస్ సిటీకి చేరింది. పదకొండో ఏట గుండె కవాటం జబ్బు చేసింది. పెన్సిలిన్ ఇంకా వైద్యుల చేతికి రాని కాలమది. మంచం మీద కదలకుండా పడుకోబెట్టడమే వైద్యం. ఆ పిల్లవాడు ఒక ఏడాది పాటు పడుకునే చేతికందిన పుస్తకమల్లా చదివాడు. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేసి తిరిగొచ్చి, ఒక మందుల కంపెనీలో అమ్మకాల ఉద్యోగంలో చేరాడు.

ఆయన ఐశ్వర్యానికి మూలం ఒక అవమానంలో ఉంది. జీతం లేదు, కమీషన్ మాత్రమే. ఆ కమీషన్ పెరిగి పెరిగి కంపెనీ అధ్యక్షుడి జీతాన్ని దాటిపోయింది. యాజమాన్యం కమీషన్ శాతాన్ని తగ్గించింది. తగ్గించినా ఆయన సంపాదన మళ్ళీ అధ్యక్షుడిని మించింది. ఈసారి ఆయన తిరిగే ప్రాంతంలోనే కొంత కోసేశారు. కాఫ్మన్ రాజీనామా చేశాడు. 1950లో ఐదువేల డాలర్ల పెట్టుబడితో సొంత ఇంటి నేలమాళిగలో కంపెనీ పెట్టి, దానికి తన నడిమి పేరు పెట్టుకున్నాడు: మేరియన్ లేబొరేటరీస్. ఇంటిపేరు పెడితే ఇది ఒంటి మనిషి వ్యాపారమని డాక్టర్లు పసిగడతారని ఆయన భయం. పసిగట్టవలసిన విషయమే మరి! పగలు అమ్మకాలు, రాత్రి పొట్లాలు కట్టడం, అంతా ఆయనే. మొదటి ఏడాది అమ్మకాలు 36,000 డాలర్లు. మిగిలింది వెయ్యి.

తొలినాళ్ళలో కంపెనీని నిలబెట్టిన సరుకు ఆస్‌కాల్ అనే కాల్షియం బిళ్ళ. ఆల్చిప్పలను పొడి చేసి తయారుచేసేవారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ తమలపాకుకు రాసుకున్న గుల్లసున్నం కూడా నత్తగుల్లలు కాల్చి చేసిందే. ఆవిడ వెండి సున్నపుకాయలో ఉన్న కాల్షియానికి మాత్రం రిప్రజెంటేటివ్ ఎవడూ దొరకలేదు.

ఆ తర్వాత వచ్చిన పెద్ద మందులేవీ మేరియన్ కనిపెట్టినవి కావు. కొత్త అణువుల కోసం పరిశోధనశాలల్లో ఏళ్ళు గడిపే ఓపిక కాఫ్మన్‌కు లేదు. ఇతరులు కనిపెట్టిన వాటిని వెతికి, హక్కులు కొని, అమెరికాలో అనుమతులు తెచ్చి, అమ్మడం ఆయన పద్ధతి. కడుపు పుండుకు వాడే కెరఫేట్ జపాన్‌లోని చుగాయ్ కంపెనీది. గుండె జబ్బుకూ రక్తపోటుకూ వాడే డిల్టియాజెమ్ కూడా జపాన్‌దే, తనాబే కంపెనీది. దానికి అమెరికాలో పెట్టిన పేరు కార్డిజెమ్. 1980లలో మేరియన్‌ను ఆకాశానికెత్తింది అదే. 1989లో డౌ కెమికల్ వారి మెరెల్ డౌతో కలిసేనాటికి మేరియన్ అమ్మకాలు ఏడాదికి దాదాపు వంద కోట్ల డాలర్లు.

కమీషన్ కోసిన పాత యజమానిని కాఫ్మన్ మరచిపోలేదు. తన దగ్గర పనిచేసేవాళ్ళను ఉద్యోగులనకుండా సహచరులనేవాడు. పిలుపుదేముంది, ఇవాళ ప్రతి సూపర్ మార్కెట్లోనూ అదే పిలుపు. కానీ ఈయన లాభాల్లో వాటా కూడా ఇచ్చాడు. మేరియన్‌లో పనిచేసి లక్షాధికారులైనవారు మూడు వందల మందికి పైగా ఉన్నారని ఆయన ఫౌండేషన్ లెక్క.

ఇక్కడ నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ లాభం ఎక్కడిది? జబ్బుపడ్డవాడి జేబులోది, అతని బీమాలోది. దాన్ని బయటికి తీసినది వైద్యుడి సంతకం. నేను రెసిడెన్సీకి ఈ దేశం వచ్చిన 1990లలో ఇంచుమించు అదే పని చేసే చౌకమందులు ఎదురుగా ఉండగా కార్డిజెమ్ రాసిన సందర్భాలు నాకున్నాయి. వాటిలో కొన్నింటికి ముందు రిప్రజెంటేటివ్ తెచ్చిన మధ్యాహ్న భోజనం కూడా ఉంది. కాఫ్మన్ ఔదార్యాన్ని మెచ్చుకునే రచయిత్రి ఈ వైపు మరికాస్త ఆగి ఉంటే బాగుండేది.

బేస్‌బాల్ సంగతికి వస్తే, ఆయనకు మొదట ఆ ఆట మీద పెద్ద మోజు లేదు. 1967 సీజన్ ముగియగానే చార్లెస్ ఫిన్లీ అనే యజమాని తన అథ్లెటిక్స్ జట్టును కాన్సాస్ సిటీ నుంచి ఓక్లండ్‌కు తరలించుకుపోయాడు. ఊరు చిన్నబోయింది. మిస్సోరి సెనేటర్ స్టువర్ట్ సైమింగ్టన్ లీగ్ పెద్దల మెడలు వంచి కొత్త జట్టుకు అనుమతి సాధించాడు. దాన్ని కొనడానికి కాఫ్మన్ ముందుకొచ్చాడు. భార్య మ్యూరియల్ ప్రోత్సాహమూ ఉంది. 1969లో రాయల్స్ మైదానంలో దిగింది.

నాకు అన్నిటికంటే నచ్చినది ఆయన 1970లో ఫ్లోరిడాలోని సారసోటాలో పెట్టిన అకాడమీ. ఆటగాళ్ళ కోసం అందరూ ఒకే చోట వెతుకుతున్నారని గమనించి, బేస్‌బాల్‌లో పేరులేని కుర్రాళ్ళను పరుగు వేగం, కంటిచూపు, స్పందన కొలిచి ఎంపిక చేయించాడు. పాతకాపులకు ఇది మింగుడుపడలేదు. 1974లో అకాడమీ మూతపడింది. కానీ అక్కడి నుంచి ఫ్రాంక్ వైట్ వచ్చాడు. కాన్సాస్ సిటీ కుర్రాడు, రాయల్స్ స్టేడియం కడుతున్నప్పుడు అక్కడే కూలిపని చేసినవాడు. తర్వాత అదే స్టేడియంలో సెకండ్ బేస్‌లో నిలబడి ఎనిమిది గోల్డ్ గ్లవ్‌లు గెలిచాడు. 1985లో సెయింట్ లూయిస్ మీద మూడు ఆటలు ఓడి కూడా వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో అతడూ ఉన్నాడు.

అంతకు రెండేళ్ళ ముందే ఒక మచ్చ పడింది. 1983లో కొకైన్ కేసులో రాయల్స్ ఆటగాళ్ళు కొందరు జైలుకు వెళ్ళారు. మందులమ్మి ధనవంతుడైనవాడి జట్టు మాదకద్రవ్యాల వల్ల తలదించుకుంది. మరుసటి ఏడాదే ఆయన నగరంలోని బడుల్లో మత్తుపదార్థాల నివారణకు ప్రాజెక్ట్ స్టార్ మొదలుపెట్టాడు. 1988లో తాను చదివిన వెస్ట్‌పోర్ట్ హైస్కూలు పిల్లలకు, చదువు మానకుండా, మత్తు జోలికి పోకుండా ఉంటే పైచదువుల ఖర్చు తనదని మాట ఇచ్చాడు.

ఆయనకు కొడుకుకో మనవడికో జట్టును అప్పగించే ఆలోచన లేదు. ఎముకల కేన్సర్‌తో బాధపడుతూనే న్యాయవాదులతో కూర్చుని ఒక విచిత్రమైన ఏర్పాటు చేశాడు. తన తర్వాత జట్టు నగరంలోని ధార్మిక నిధికి దఖలు పడుతుంది. స్థానికులు కొందరు నష్టాలు భరిస్తూ నడుపుతారు. ఊళ్ళోనే ఉంచే కొనుగోలుదారు దొరికితే అమ్మి, వచ్చిన సొమ్ము దానధర్మాలకు వాడాలి. 1993 ఆగస్టు 1న ఆయన పోయాడు. 2000లో జట్టును డేవిడ్ గ్లాస్ 96 మిలియన్ డాలర్లకు కొన్నాడు. 120 మిలియన్లు ఇస్తానన్న మరొకరిని తోటి యజమానులు అంగీకరించలేదు. అంటే దానానికి రావలసిన 24 మిలియన్లు రాలేదన్నమాట. 2019లో అదే జట్టు సుమారు వంద కోట్ల డాలర్లకు చేతులు మారింది. ఈ లాభం మాత్రం దానాలకు కాదు, గ్లాస్ కుటుంబానికి.

అయినా జట్టు ఊళ్ళోనే ఉంది. మన హైదరాబాదు అభిమానులకు ఈ మాట విలువ తెలుస్తుంది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్, యజమాని అప్పుల్లో మునగగానే 2012లో కనుమరుగైంది. ఆ స్థానంలో వచ్చిన జట్టును చెన్నైలోని సన్ టీవీ కొన్నది. అప్పుడు హైదరాబాదును అడిగినవాళ్ళెవరు?

జట్టును ఊరికి కట్టేసిన కాఫ్మన్, కంపెనీని కట్టేయలేకపోయాడు. 1995లో జర్మనీకి చెందిన హోక్స్ట్ దాన్ని 7.1 బిలియన్ డాలర్లకు కొన్నది. అక్కడి నుంచి అవెంటిస్, తర్వాత సనోఫీ. మేరియన్ అన్న పేరు మందుల డబ్బాల మీద ఎక్కడా మిగలలేదు.

మొన్న రాత్రి డ్యూటీలో ఒక పెద్దాయనకు గుండె లయ తప్పి నిమిషానికి నూట అరవై సార్లు కొట్టుకుంటోంది. ఇప్పుడు వాడేది జెనెరిక్ డిల్టియాజెమ్. సీసా మీద ఏదో కంపెనీ పేరు. నర్సు మాత్రం "డాక్టర్, కార్డిజెమ్ డ్రిప్ మొదలుపెట్టమంటారా?" అనే అడిగింది. ఆ అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. మొదలుపెట్టమని చెప్పి సంతకం చేశాను.