బొమ్మకు తలుపు తీశారు, అమ్మకు తీయలేదు



పోయిన వారం ఫైన్ ఆర్ట్స్ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నాకు కొండలు, చెరువులు, తాటిచెట్లు గీయడం ఇష్టం. మనవాళ్లేమో 'నీ బొమ్మల్లో మన వాడ ఎక్కడ?' అంటారు. బయటివాళ్లేమో మనం డప్పు, చెప్పు గీస్తే తప్ప చూడరు. నేనేం గీయాలన్నా?" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ భాగం ఆ తమ్ముడి కోసం. నూట యాభై ఏళ్ల కిందట ఇదే చిక్కులో పడ్డ ఒక చిత్రకారుడి కథ ఇది.

ఆయన పేరు రాబర్ట్ డంకన్‌సన్. 1821లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. నల్లజాతివాడే కానీ వాళ్ల కుటుంబం బానిసత్వంలో లేదు. వడ్రంగం, ఇళ్లకు రంగులేయడం వాళ్ల పని. కుర్రతనంలోనే మిషిగన్‌లోని మన్రో ఊళ్లో గోడలకు రంగులేసే వ్యాపారం పెట్టాడు. తర్వాత బొమ్మలు గీసి బతకాలని 1840 ప్రాంతంలో సిన్సినాటి నగరానికి వచ్చాడు. ఏ కాలేజీలోనూ చదవలేదు. అచ్చేసిన బొమ్మలు చూసి నకలు తీస్తూ తనంతట తానే నేర్చుకున్నాడు.

సిన్సినాటి ఒహాయో నది ఒడ్డున ఉంది. నదికి ఒకవైపు ఒహాయో, బానిసత్వం లేని రాష్ట్రం. రెండోవైపు కెంటకీ, మనుషుల్ని అమ్మి కొనే రాష్ట్రం. అలాగని ఒహాయోలో సమానత్వం ఉందనుకోకండి. నల్లవాళ్లను కట్టడి చేసే ప్రత్యేక చట్టాలుండేవి. 1829లో, మళ్లీ 1841లో తెల్ల మూకలు నల్లవాళ్ల పేటల మీద పడ్డాయి.

ఆ మరుసటి ఏడాదే, 1842లో, అదే ఊళ్లో జరిగిన ఎగ్జిబిషన్‌లో డంకన్‌సన్ గీసిన మూడు చిత్రాలు పెట్టారు. నల్లవాళ్లు కాబట్టి ఆయన ఇంటివాళ్లకు మాత్రం లోపలికి ప్రవేశం లేదు. ఆ బొమ్మలు ఎలా ఉంటాయో నాకు తెలుసు, అవి అక్కడ ఉన్నాయి, అది చాలు అని తల్లి అన్నదని చెబుతారు. గుడి కట్టినవాళ్లను గుడి బయట నిలబెట్టిన దేశంలో పుట్టినవాళ్లం. ఆ తల్లి మాట మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఆయన ప్రకృతి చిత్రాల వైపు మళ్లాడు. నదులు, కొండలు, జలపాతాలు. 1850 తర్వాత నికొలస్ లాంగ్‌వర్త్ అనే పెద్ద ధనవంతుడు తన ఇంటి గోడల మీద ఎనిమిది పెద్ద ప్రకృతి దృశ్యాలు గీయించుకున్నాడు. తర్వాతి కాలంలో వాటిమీద వాల్‌పేపర్ అంటించేశారు. దశాబ్దాల పాటు ఆ కాగితం కిందే ఉండిపోయి, 1930లలో బయటపడ్డాయి.

ఈ కొండలూ నదులూ ఉత్త అందం కోసమేనా? 1851లో గీసిన సిన్సినాటి దృశ్యం చూడండి. ఆయన నిలబడి చూస్తున్నది కెంటకీ ఒడ్డునుంచి. దగ్గర్లో, బానిసత్వపు నేల మీద, పనిలో ఉన్న నల్లవాళ్లు. మధ్యలో నది. అవతల స్వేచ్ఛ ఉందంటున్న నగరం. చూసేవాళ్లకు అది చక్కటి నగర దృశ్యం. ఆ నది దాటి పారిపోవాలని చూసినవాళ్లకు అది సరిహద్దు.

సిన్సినాటిలోనే జేమ్స్ ప్రెస్లీ బాల్ అనే నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. డంకన్‌సన్ ఆయన స్టూడియోలో ఫొటోలకు రంగులు దిద్దాడు. 1855లో బాల్ ఒక పెద్ద బొమ్మల ప్రదర్శన తయారుచేయించాడు. 2,400 చదరపు గజాల గుడ్డ మీద ఆఫ్రికానుంచి బానిసల వ్యాపారం, పత్తి తోటలు, చెరకు తోటలు, మిసిసిపీ నది, నయాగరా జలపాతం. గుడ్డను చుట్ట విప్పుతూ, ఒక్కో దృశ్యం చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. మన డక్కలివాళ్లు పటం విప్పుతూ జాంబపురాణం చెప్పినట్టే అనుకోండి. సిన్సినాటిలో, బోస్టన్‌లో జనం చూశారు. అందులో డంకన్‌సన్ చెయ్యి ఉందని చరిత్రకారులు నమ్ముతారు. ఆ గుడ్డ ఇప్పుడు లేదు. దాన్ని వివరించే చిన్న పుస్తకం మాత్రం మిగిలింది.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. ఆ ఏడాదే డంకన్‌సన్ టెనిసన్ కవిత ఆధారంగా 'లోటస్ ఈటర్ల దేశం' అనే పెద్ద చిత్రం గీశాడు. విశాలమైన లోయ, నది, పచ్చటి చెట్లు. ముందుభాగంలో సేదతీరుతున్న తెల్ల సైనికులు, వాళ్లకు సేవలు చేస్తున్న నల్లటి మనుషులు. ఇంకొకరి చాకిరీ మీద సుఖంగా నిద్రపోతున్న అమెరికా దక్షిణాది అందులో ఉందని కొందరు పండితులు అంటారు.

ఆ చిత్రాన్ని వెంటబెట్టుకుని ఆయన ఊళ్లు తిరిగాడు. కెనడాలో టొరంటో, మాంట్రియల్. తర్వాత సముద్రం దాటి డబ్లిన్, గ్లాస్గో, లండన్. మాంట్రియల్‌లో విలియం నోట్‌మన్ స్టూడియో ఆ చిత్రాన్ని ఫొటో తీసి ఆల్బమ్‌లో అచ్చువేసింది. అచ్చుబొమ్మలు చూసి నేర్చుకున్నవాడి బొమ్మ అచ్చులోకెక్కింది. లండన్ పత్రికలు మెచ్చుకున్నాయి. సొంత దేశం మనుషుల్ని రంగును బట్టి లెక్కగడుతున్న రోజుల్లో పరాయి దేశాల్లో ఆయన్ను చిత్రకారుడిగా చూశారు.

అయినా ఇంట్లోనే ప్రశ్న వచ్చింది. నువ్వు తెల్లవాడిలా చలామణి అవుతున్నావని కన్నకొడుకే నిందించాడు. 1871లో తండ్రి ఉత్తరం రాశాడు. తన బుర్రలో ఉన్నది ఒంటి రంగు కాదని, బొమ్మలకు వేసే రంగేనని అందులో జవాబిచ్చాడు. ఆ మాటను జాతికి ద్రోహం అన్నవాళ్లున్నారు. నేను మాత్రం ఆ కొడుకును తప్పుపట్టలేను, ఆ తండ్రినీ తప్పుపట్టలేను. పిల్లవాడి కోపం న్యాయమైనదే. కానీ తండ్రి పడ్డ అలసట కూడా నిజమే. బతికినంత కాలం ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పుకోవాల్సి వచ్చినవాడి అలసట అది. ఆ మరుసటి ఏడాది, 1872లో, మతి చెదిరి డెట్రాయిట్‌లోని ఆసుపత్రిలో చనిపోయాడు. జీవితమంతా పీల్చిన రంగుల్లోని సీసమే కారణమై ఉండొచ్చంటారు. మన్రోలో ఆయన సమాధికి ఎంతో కాలం రాయి కూడా లేదు.

ఆయన పోయిన మరుసటి ఏడాది, 1873లో, మహాత్మా ఫూలే 'గులాంగిరి' అచ్చువేసి, నల్లవాళ్ల బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. వాళ్ల పోరాటానికీ మన పోరాటానికీ చుట్టరికం అప్పటినుంచే ఉంది.

తమ్ముడూ, ఇక నీ చెరువు సంగతి. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ జనాన్ని వెంటబెట్టుకుని నడిచింది చెరువు దగ్గరికే. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మన మాదిగల తాగునీటి చెరువు దగ్గరే. చెరువు గట్టు, పొలం దారి, ఊరి చివర చింతచెట్టు, ఇవన్నీ మన మీద నిషేధాలు రాసి ఉన్న చోట్లు. అక్కడ నిలబడి కళ్లారా చూసి, నీ చేత్తో గీస్తే అందులో మన వాడ లేదని ఎవరు అనగలరు? నువ్వు ఏ ఒడ్డున నిలబడి చూస్తున్నావో బొమ్మే చెబుతుంది. డంకన్‌సన్ కెంటకీ ఒడ్డున నిలబడ్డాడు.

డప్పు గీయాలనిపిస్తే డప్పు గీయి. తాటిచెట్టు గీయాలనిపిస్తే తాటిచెట్టు గీయి. ఒక్కటి మాత్రం మర్చిపోకు. నీ బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టిన రోజు మీ అమ్మను ముందు వరుసలో నడిపించుకుంటూ లోపలికి తీసుకెళ్లు. మేమూ వస్తాం.

జై భీమ్.