అమీరుపేట టిఫినుల పుట్టుపూర్వోత్తరములు

ఏ యూరికి పోయిన ఆ యూరి తిండి తినుట దేశాటనమున సగము ఫలమని నమ్మువాడను నేను. హైదరాబాదు నడుమనున్న అమీరుపేటయందును, దాని నానుకొనియున్న పంజగుట్టయందును తెల్లవారుజామున దిగిన ప్రయాణికుడు ఈ నియమమును పాటింపబూనెనా, అచ్చటి టిఫిను బండ్లమీద పొగలు గ్రక్కు పదార్థములలో ఆ నేలయందే పుట్టినది కానరాదు. ఇడ్లి కన్నడసీమ గ్రంథములలో మొదట పొడసూపును. పెసరట్టు కృష్ణా గోదావరీ తీరముల సొత్తు. మైసూరు బజ్జీ తన ఊరిని పేరులోనే మోసికొని తిరుగుచున్నది. అయినను వీనిని ఆ పేటల సొంత తిండి కాదని త్రోసివేయుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. ఆ పేటలయందు నేడు మసలు జనములో అధికభాగము ఏ బాటలవెంట వచ్చినదో, ఈ తిండియు ఆ బాటలవెంటనే వచ్చినది.

ఇడ్లి కథ దీర్ఘమైనది. సుమారు క్రీ.శ. 920 నాటి శివకోట్యాచార్యుని వడ్డారాధనయందు అది ‘ఇడ్డలిగె’యను పేర కనబడును; 1025 ప్రాంతపు రెండవ చావుండరాయని లోకోపకారమునందు మినుపపప్పును మజ్జిగలో నానవైచి, మెత్తగా రుబ్బి, పెరుగుమీది తేటను, జీలకర్ర, ధనియములు, మిరియములు, ఇంగువలను చేర్చు విధము వర్ణింపబడినది. పిమ్మట ఒక శతాబ్దికి కళ్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుని మానసోల్లాసము ఇడ్డరికను, ధోసకమును పేర్కొనినది. ఆ కళ్యాణి బీదరు సీమలోనిది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని భాగము. ఇడ్లీదోశలు ఈ రాజధానికి బొత్తిగా పరాయివని వాదించువారు ఈ సంగతిని గమనింపవలెను. ఆహారచరిత్రకారుడు కె.టి. అచ్చయ ఈ ప్రాచీన వర్ణనలయందు బియ్యముగాని, పిండిని చిరకాలము పులియబెట్టుటగాని, ఆవిరిపై ఉడికించుటగాని లేవని చూపి, ఈ మూడును తరువాతి కాలమున చేరినవనియు, బహుశః ఇండోనీషియా ద్వీపములతోడి రాకపోకలవలన అలవడినవనియు ఊహించెను. ఊహ ఊహయే గాని, పడవలెక్కి సముద్రములు దాటిన వంటవారి చలువచే మన యిడ్లి మెత్తనైనదను తలంపు నాకు ప్రియమైనది.

తెలుగువారు దీనిని తమ నేలకు తగినట్లు మలచుకొనిరి. అరవసీమయందు బియ్యమును, పప్పును రెంటిని రుబ్బుదురు. మన యిండ్లలో మినుపపప్పును మాత్రము రుబ్బి, దానికి రెండింతల ఇడ్లీరవ్వను కడిగి పిండి కలుపుదురు. రాత్రియంతయు ఆ పిండిలో ఆమ్లమును పుట్టించు సూక్ష్మజీవులు వాయువును విడుచుచు దానిని పొంగింపగా, తెల్లవారుసరికి రవ్వ పలుకు నాలుకకు తగిలియు తగులని ఆ విశేషపు మృదుత్వము సిద్ధించును. వరికోతలైన పిమ్మట మాగాణిలో మిగిలిన తేమనే నమ్ముకొని మినుమును, పెసరను పండించుట కృష్ణా డెల్టా రైతునకు అలవాటగుటచే, బియ్యమును, పప్పును ఒకే మడినుండి ఇంటికి వచ్చెడివి. ఇడ్లియు పెసరట్టును ఆ గాదెలనుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. పెసరట్టు పిండికి పులియుటతో పనిలేదు: పెసలు నానిన చాలును, అల్లము, పచ్చిమిరపకాయలు చేర్చి రుబ్బి వెంటనే పెనముమీద పోయవచ్చును.

ఈ టిఫినులు వాడుకలోనికి రాకపూర్వము తెలుగునాట ఉదయాహారము చద్దియన్నమే. పోతన భాగవతమునందు కృష్ణుడు గోపబాలురతో కూడి ఆరగించినవి చల్దులే గదా! హైదరాబాదునగరపు ఉదయాహారమున నహారీ కుల్చాలకును, ఖిచిడీ ఖీమాలకును ప్రత్యేకమైన వైభవము కలదు. టిఫిను హోటలు మర్యాదను మాత్రము ఇచ్చటికి తెచ్చినవారిలో ఉడిపివారు ముఖ్యులు. అట్టి హోటళ్లలో ఆబిడ్సులోని తాజ్‌మహల్ హోటలు 1948 నాటిది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా, కోస్తా జిల్లాల ప్రతినిధులును, ఉద్యోగులును తమ రుచులను వెంటగొని రాజధానికి తరలివచ్చిరి. ఉప్మాను కడుపులో దాచుకొనిన పెసరట్టునకు ‘ఎమ్మెల్యే పెసరట్టు’ అను పేరు శాసనసభ్యుల వసతిగృహముల చెంతనే వచ్చినదని నగరమున వాడుక.

అమీరుపేటకు ఈ తిండి ఇంత పుష్కలముగా చేరుటకు కారణములు తరువాతివి. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి 1989లో శాసనముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తిని పొందినది. జిల్లాలనుండి రోగులను తోడ్కొనివచ్చిన బంధువులకు, రాత్రియంతయు వరండాలలో మేల్కొని గడపిన పిదప, కడుపునకు బరువుకాని వేడి ఇడ్లికంటె హితమైనది వేరొకటి లేదు. 1990ల చివర అమీరుపేటలోని మైత్రీవన భవనసముదాయమునకు చుట్టుప్రక్కల కంప్యూటరు శిక్షణాలయములు వెలసి, నిరుద్యోగ పట్టభద్రులు ఊళ్లకు ఊళ్లనుండి తరలివచ్చి, సంజీవరెడ్డినగరు హాస్టళ్లలో ఇరుకు మంచములమీద కాపురముండి, ఏడుగంటల క్లాసునకు పరుగెత్తునప్పుడు వారికి ఆకలి తీర్చినది వీథిబండియే. ‘అన్నా, ఒక ప్లేటు ఇడ్లీ, చట్నీ జర ఎక్కువెయ్’ అని తెలంగాణపు పలుకు ఒక ప్రక్క, ‘కారప్పొడి, నెయ్యి వెయ్యండి’ అని గుంటూరు గొంతు మరొక ప్రక్క వినబడుచుండగా, బండివాడు ఇరువురకును పల్లీ చట్నీతో ఒకే ప్లేటు సిద్ధపరచును. ఆ చట్నీయందు కొబ్బరికంటె వేరుసెనగకే పెత్తనము. మెట్టభూముల పంటకు ఇదియే తగిన గౌరవము. 2017 నవంబరులో మెట్రో రాగా అమీరుపేట రెండు మార్గములు కలిసికొను స్టేషనైనది. ఆ మెట్లు దిగి అన్ని దిక్కులకు పోవువారు గూడ ఈ బండ్లకు నేడు గిరాకీలే.

కొత్తగా వచ్చిన ప్రయాణికునకు నా విన్నపము: నాగార్జున కూడలి చెంతనున్న చల్లని హోటళ్లలో నాలుగు రంగుల పచ్చళ్లతో కూర్చుండి తినుటయు సుఖమే గాని, మొదటినాడు వీథిలో నిలువబడియే తినవలెను. పెసరట్టు అంచులు ఎఱ్ఱగా కాలువరకు ఓపికపట్టి, పెనమునుండి దిగినదానిని దిగినట్లే అల్లపు పచ్చడితో తినవలెను. పార్సిలు కట్టించినచో దాని కరకరలు దారిలోనే నశించును. ఇడ్లీలకైనచో వాయి దిగు సమయమును కనిపెట్టి అడుగుట మేలు. రాత్రి రుబ్బిన పిండి ఉదయమునకే సరిపోవునంత గనుక, తొమ్మిది గంటలలోపల చేరుకొనుట ఉత్తమము.